మేఘంలో దారి తప్పకుండా: పరికరాలను చూసి విమానం నడపడం నేర్చుకునే క్రమం

పరికరాలను చూసి విమానం నడిపే శిక్షణను విమానంలోనే మొదలుపెట్టనక్కర్లేదు. గుండ్రంగా తిరిగే కుర్చీ ఒకటి చాలు. అందులో కూర్చుని కళ్లు మూసుకోండి, తల కదపకండి. పక్కన నిలబడ్డవారిని కుర్చీని ఒకే వేగంతో నెమ్మదిగా కుడివైపు తిప్పమనండి. ఎటు తిరుగుతున్నారో మొదట స్పష్టంగా తెలుస్తుంది. సుమారు ఇరవై సెకన్లు గడిచేసరికి కుర్చీ ఆగిపోయినట్టు అనిపిస్తుంది. నిజానికి అది తిరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు దాన్ని ఆపితే, ఎడమవైపు తిరుగుతున్నానని మీరు గట్టిగా చెబుతారు. కళ్లు తెరిచాక గానీ నమ్మకం కుదరదు.

దీనికి కారణం లోపలి చెవి. అక్కడ మూడు అర్ధవృత్తాకార నాళాలు, వాటిలో ద్రవం ఉంటాయి. తల తిరగడం మొదలైనప్పుడు ద్రవం వెనకబడుతుంది, ఆ తేడానే మెదడు 'తిరుగుడు'గా గుర్తిస్తుంది. అదే వేగంతో కొంతసేపు తిరిగితే ద్రవం కూడా నాళంతో సమానంగా కదులుతుంది, కబురు ఆగిపోతుంది. సెకనుకు రెండు డిగ్రీలకన్నా నెమ్మదిగా మొదలయ్యే వంపునైతే చెవి అసలు పసిగట్టకపోవచ్చు. బయట క్షితిజరేఖ కనిపిస్తున్నంతసేపు కళ్లు ఈ పొరపాట్లను ఎప్పటికప్పుడు దిద్దుతాయి. మేఘంలోకి వెళ్లగానే ఆ దిద్దుబాటు పోతుంది.

1926లో అమెరికా సైన్యపు పైలట్ విలియం ఆకర్‌ను వైద్య పరీక్షలో ఇలాంటి కుర్చీలోనే కూర్చోబెట్టి తిప్పారు. ఎటు తిరుగుతున్నాడో ఆయన సరిగ్గా చెప్పలేకపోయాడు. తర్వాత మలుపును చూపే పరికరాన్ని ఒక పెట్టెలో బిగించుకుని వచ్చి, దాన్ని చూస్తూ ప్రతిసారీ సరైన జవాబే ఇచ్చాడు. చెవి మారలేదు, నమ్మే వస్తువు మారింది. ఈ శిక్షణలో నేర్చుకోవాల్సిన అసలు విద్య అదే. మిగతాదంతా దానిమీద కట్టేదే.

శిక్షణ లేకపోతే ఏమవుతుందో 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం చేసిన ప్రయోగం చూపించింది. పరికరాల శిక్షణ లేని 20 మందిని, బయటి దృశ్యం కనపడకుండా చేసి, విమానం నడపమన్నారు. ఇరవై మందీ అదుపు కోల్పోయారు. అందుకు పట్టిన సగటు సమయం 178 సెకన్లు. అయితే క్రమపద్ధతిలో కొద్దిపాటి శిక్షణ ఇచ్చాక దాదాపు ప్రతి ప్రయత్నంలోనూ వెనక్కి తిరిగి క్షేమంగా బయటపడ్డారు. ఆ రెండో ఫలితాన్ని చాలామంది చెప్పరు. నాకు అదే ముఖ్యం, ఎందుకంటే ఇది నేర్పితే వచ్చే విద్య.

మొదలుపెట్టే ముందు

పరికరాల రేటింగ్‌కు, అంటే పరికరాలను మాత్రమే చూసి ఎగరడానికిచ్చే అనుమతికి, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ కనీస ప్రమాణం పెట్టింది: విమానానికి బాధ్యుడైన పైలట్‌గా 50 గంటల దూరప్రయాణాలు, పరికరాల మీద 40 గంటలు. ఈ 40లో కొంత భాగాన్ని నేలమీది సిమ్యులేటర్‌లో పూర్తి చేయవచ్చు. దేశాన్ని బట్టి నిబంధనలు కొంత మారతాయి కాబట్టి మీ దేశపు నిబంధనలు చదువుకోండి. గంటలు కనీస లెక్క మాత్రమే. నలభై గంటలు నిండగానే విద్య వచ్చేసిందని అనుకోకండి.

సాధన సమయంలో మీరు ముఖానికి హుడ్ గానీ, పై భాగం మసకబార్చిన కళ్లజోడు గానీ పెట్టుకుంటారు. పరికరాల పలక తప్ప ఇంకేమీ కనపడదు. బయట చూడటానికి పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ గానీ, అర్హత ఉన్న మరో పైలట్ గానీ ఉండి తీరాలి. హుడ్ అంచు కింది నుంచి బయటికి తొంగిచూడాలనిపిస్తుంది. చూస్తే ఆ గంట దండగే.

ఆరు డయళ్లు, వాటి ప్రాణం ఎక్కడుంది

సంప్రదాయ పలకలో ఆరు డయళ్లుంటాయి. పై వరుసలో వేగం చూపే ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్, ముక్కు, రెక్కల వంపు చూపే యాటిట్యూడ్ ఇండికేటర్, ఎత్తు చూపే ఆల్టీమీటర్. కింది వరుసలో మలుపు రేటు చూపే టర్న్ కోఆర్డినేటర్, దిశ చూపే హెడింగ్ ఇండికేటర్, ఎత్తు మారే రేటు చూపే వర్టికల్ స్పీడ్ ఇండికేటర్. తెరలున్న కొత్త కాక్‌పిట్‌లో ఇవే ఒక తెరమీద కలిసి ఉంటాయి. రూపం వేరైనా చెప్పే కబురు ఒక్కటే.

ఏ డయల్ ఏ ఆధారంతో పనిచేస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. వేగం, ఎత్తు, ఎత్తు మారే రేటు చూపే మూడూ గాలి పీడనం మీద ఆధారపడతాయి. వేగం చూపే డయల్‌కు మాత్రమే ముందువైపు తెరిచి ఉండే పిటో గొట్టం నుంచి ఎదురుగాలి పీడనం కూడా అందుతుంది. చాలా శిక్షణ విమానాల్లో యాటిట్యూడ్, హెడింగ్ డయళ్లలోని గైరోలను (వేగంగా తిరిగే చక్రాలను) వాక్యూమ్ పంపు తిప్పుతుంది. టర్న్ కోఆర్డినేటర్ విద్యుత్తుతో నడుస్తుంది. ఒకటి పోయినా ఇంకొకటి మిగలాలనే ఈ ఏర్పాటు. ఈ వివరం తర్వాత మీ ప్రాణం కాపాడుతుంది.

నేలమీద రన్‌వే వైపు వెళ్తున్నప్పుడే పరీక్ష మొదలవుతుంది. ఎడమకు తిరిగినప్పుడు హెడింగ్ అంకెలు తగ్గాలి, టర్న్ కోఆర్డినేటర్‌లోని చిన్న విమానం ఎడమకు వాలాలి, కింద గొట్టంలోని బంతి కుడికి జరగాలి, యాటిట్యూడ్ ఇండికేటర్ దాదాపు కదలకుండా నిలవాలి. స్థానిక పీడనం అమర్చాక ఆల్టీమీటర్ చూపే ఎత్తుకూ విమానాశ్రయం అసలు ఎత్తుకూ తేడా 75 అడుగులు దాటితే బయలుదేరకండి.

భంగిమ, శక్తి: ఈ రెంటి ఫలితమే తక్కినదంతా

విమానం ముక్కు, రెక్కలు క్షితిజంతో ఏ కోణంలో ఉన్నాయి, ఇంజిన్ ఎంత శక్తి ఇస్తోంది అన్న రెండూ తెలిస్తే అది ఎంత వేగంతో వెళ్తుందో, ఎక్కుతుందో దిగుతుందో చాలావరకు తెలిసినట్టే. అందుకే మొదటి పాఠాల్లోనే మీ విమానానికి ఒక చిన్న పట్టిక తయారు చేసుకోండి. సాధారణ ప్రయాణం, ఎక్కడం, అదే వేగంతో దిగడం, అప్రోచ్‌కు (రన్‌వే వైపు దిగే చివరి దశకు) ముందు సమతలంగా తగ్గిన వేగం, అప్రోచ్‌లో దిగుదల, అప్రోచ్ వదిలేసి మళ్లీ ఎక్కడం. ఒక్కోదానికి ముక్కు ఎన్ని డిగ్రీలు, ఇంజిన్ ఎన్ని ఆర్పీఎం, వచ్చిన వేగం ఎంత అని రాసుకోండి. ఇంకొకరి పట్టిక ఎత్తి రాసుకోవద్దు. ఒకే తయారీ విమానాలు రెండింటి మధ్య కూడా తేడా ఉంటుంది.

ప్రతి మార్పుకూ ఒకే వరుస పాటించండి. యాటిట్యూడ్ ఇండికేటర్ చూస్తూ కొత్త భంగిమ పెట్టండి, త్రాటిల్ (ఇంజిన్ శక్తి పిడి) సర్దండి, అక్కడే నిలపండి. చేతికి తగిలే ఒత్తిడి పోయేదాకా ట్రిమ్ చేయండి, అంటే పిడి తనంతట అక్కడే నిలిచేలా సర్దండి. ఆ తర్వాతే మిగతా డయళ్లలో ఫలితం చూడండి. తక్కువైతే భంగిమను ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే మార్చండి.

ట్రిమ్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే అశ్రద్ధ చేస్తారు. ట్రిమ్ సరిగా ఉన్న విమానం మీరు మ్యాప్ వైపు చూసినా తన దారిన తాను పోతుంది. ట్రిమ్ చేయని విమానంలో మీరు రేడియో పౌనఃపున్యం మార్చడానికి కిందికి వంగిన ఆరు సెకన్లలో ముక్కు వాలిపోతుంది. మీరు తల ఎత్తేసరికి వంద అడుగులు పోయి ఉంటాయి. కంట్రోలు పిడిని రెండు వేళ్లతో, బొటనవేలితో పట్టుకోండి. గుప్పిట బిగించారంటే ఒత్తిడి ఎక్కడుందో చేతికి తెలియదు. నేనైతే మొదటి నాలుగైదు పాఠాల్లో విద్యార్థి చేతిని చూస్తాను, డయళ్లను కాదు.

చూపు తిరిగే పద్ధతి

ఇంగ్లీషులో స్కాన్ అనే ఈ పని మొత్తం శిక్షణకు గుండెకాయ. చూపు యాటిట్యూడ్ ఇండికేటర్ దగ్గర మొదలై, ఒక డయల్‌కు వెళ్లి, మళ్లీ అక్కడికే రావాలి. తర్వాత ఇంకో డయల్, మళ్లీ మధ్యకు. ఏ డయల్‌కు ఎక్కువసార్లు వెళ్లాలన్నది చేస్తున్న పనిని బట్టి మారుతుంది.

ఒక మలుపు తీసుకుందాం. 4,000 అడుగుల్లో 100 నాట్ల వేగంతో ఉత్తరానికి వెళ్తున్నారు, తూర్పుకు, అంటే హెడింగ్ 090కు, తిరగమన్నారు. సెకనుకు 3 డిగ్రీల ప్రామాణిక మలుపుకు ఎంత వంచాలో ముందే లెక్కించండి: వేగంలో పదో వంతు, దానికి అందులో సగం కలపాలి. పది, ఐదు కలిపి 15 డిగ్రీలు. యాటిట్యూడ్ ఇండికేటర్ మీద 15 దగ్గర వంపు ఆపండి. వెంటనే టర్న్ కోఆర్డినేటర్ చూడండి, చిన్న విమానం రెక్క గుర్తు మీద ఉందా? మధ్యకు రండి. ఆల్టీమీటర్ చూడండి, ముల్లు 20 అడుగులు కిందికి జరిగింది. మధ్యకు వచ్చి ముక్కును వెంట్రుకవాసి పైకెత్తండి. మళ్లీ ఆల్టీమీటర్, ఆగింది. హెడింగ్ 060 దాటింది. ఇప్పటినుంచి చూపు హెడింగ్‌కు తరచుగా వెళ్లాలి. వంపులో సగం డిగ్రీల ముందే, అంటే సుమారు 082 దగ్గర రెక్కలు సరిచేయడం మొదలుపెడితే 090 మీద తేలతారు. ఇందాక ఎత్తిన ముక్కును దించడం మరవద్దు, లేకపోతే మలుపు ముగిశాక విమానం పైకి ఎక్కుతుంది. ఇదంతా 30 సెకన్లలో జరుగుతుంది.

మూడు తప్పులు దాదాపు అందరిలోనూ కనిపిస్తాయి. ఒకే డయల్‌కు చూపు అతుక్కుపోవడం మొదటిది. ఎత్తు 60 అడుగులు తప్పితే ఆల్టీమీటర్‌నే చూస్తూ ఉంటారు, అంతలో హెడింగ్ 20 డిగ్రీలు పోతుంది. ఒక డయల్‌ను పూర్తిగా వదిలేయడం రెండోది. సాధారణంగా మలుపు ముగించాక హెడింగ్‌నే మరచిపోతారు. మూడోది ఒక డయల్ మీద అతి నమ్మకం.

వీటన్నిటికన్నా అలసట తెప్పించేది ముల్లు వెంటపడటం. వర్టికల్ స్పీడ్ ఇండికేటర్ కొన్ని సెకన్లు ఆలస్యంగా స్థిరపడుతుంది. దాన్ని చూసి కంట్రోళ్లు కదిపితే అది అటు, మీరు ఇటు ఊగుతూనే ఉంటారు. కదపాల్సింది భంగిమను. ముల్లు తనంతట తాను వచ్చి చేరుతుంది.

శరీరం ఎదురు తిరిగినప్పుడు

ఒక రెక్క నెమ్మదిగా వాలిపోయింది, చెవికి తెలియలేదు. డయల్ చూసి చటుక్కున సరిచేశారు. ఈ కదలిక మాత్రం చెవికి తెలిసింది. ఇప్పుడు రెక్కలు సమంగా ఉన్నా విమానం రెండో వైపు ఒరిగినట్టే ఉంటుంది. ఒళ్లు కూడా తెలియకుండానే పక్కకు వాలుతుంది. ఇది అందరికీ వస్తుంది, వేల గంటలు ఎగిరినవారికీ వస్తుంది. పోగొట్టాలని ప్రయత్నించకండి. డయల్‌లో రెక్కలు సమంగా ఉన్నాయా అని చూడండి, టర్న్ కోఆర్డినేటర్‌తో సరిపోల్చండి, అవి ఏకీభవిస్తే వాటి మాటే వినండి. తలను హఠాత్తుగా తిప్పడం, కింద పడినదాన్ని తీసుకోవడానికి వంగడం మేఘంలో ఉన్నంతసేపు మానుకోండి. మలుపులో ఉండగా తల వంచితే రెండో నాళం కూడా కలగజేసుకుని విమానం దొర్లిపోతున్నట్టు అనిపిస్తుంది.

మేఘమే ఉండాలని లేదు. 1999 జూలై 16న అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ నడుపుతున్న చిన్న విమానం సముద్రంలో కూలింది. చీకటి రాత్రి, మసక, కింద నీరు. దిశాభ్రాంతితో అదుపు తప్పిందని దర్యాప్తు తేల్చింది.

అదుపు తప్పిన స్థితి నుంచి బయటపడటాన్ని ఇన్‌స్ట్రక్టర్‌తో పదేపదే సాధన చేయాలి. మీరు కళ్లు మూసుకుంటారు, ఆయన విమానాన్ని ఎటో తిప్పి, ఇక చూడమంటారు. ముందు ఎయిర్‌స్పీడ్ చూడండి. వేగం పెరుగుతోంది, ఎత్తు తగ్గుతోంది అంటే ముక్కు కిందికి ఉంది. అప్పుడు శక్తి తగ్గించాలి, రెక్కలు సమం చేయాలి, ఆ తర్వాతే ముక్కు ఎత్తాలి. ఈ వరుస తారుమారు కాకూడదు. వంపులో ఉండగానే లాగితే మలుపు ఇంకా బిగుసుకుంటుంది, ఎత్తు ఇంకా త్వరగా పోతుంది. వేగం తగ్గుతూ ఎత్తు పెరుగుతుంటే ముక్కు పైకి ఉందని అర్థం. పూర్తి శక్తి ఇచ్చి, ముక్కు దించి, రెక్కలు సరిచేయండి.

పరికరమే అబద్ధం చెబితే

ఇంతదాకా పరికరాలను నమ్మమన్నాను. ఏ ఒక్క పరికరాన్నీ ఒంటరిగా నమ్మకూడదని ఇప్పుడు చేర్చాలి. వాక్యూమ్ పంపు ఆగితే గైరో ఒక్కసారిగా పడిపోదు, వేగం తగ్గుతూ మెల్లగా ఒరుగుతుంది. మీరు దాన్ని సరిచేస్తున్నాననుకుంటూ విమానాన్ని వంచుతారు. యాటిట్యూడ్ ఒక మలుపు చూపిస్తూ, టర్న్ కోఆర్డినేటర్ ఇంకోటి చెబితే మూడో సాక్షిని పిలవండి: దిక్సూచి, వాక్యూమ్ గేజ్. పాడైన డయల్‌ను తేల్చుకోగానే దానిమీద కాగితం గానీ మూత గానీ పెట్టండి. కనిపిస్తున్నంతసేపు చూపు అటే పోతుంది.

ఇక టర్న్ కోఆర్డినేటర్, గడియారం, దిక్సూచి మిగిలాయి. ప్రామాణిక మలుపులో 90 డిగ్రీలకు 30 సెకన్లు అన్న లెక్కతో తిరగండి. మలుపులో దిక్సూచిని నమ్మవద్దు. ఉత్తరార్ధగోళంలో ఉత్తరం వైపు తిరిగేటప్పుడు అది వెనకబడుతుంది, దక్షిణం వైపు తిరిగేటప్పుడు ముందుకు పోతుంది. దక్షిణార్ధగోళంలో దీనికి తలకిందులు. తిన్నగా, ఒకే వేగంతో వెళ్తున్నప్పుడే దాన్ని చదవాలి. గైరో హెడింగ్ బాగున్న రోజుల్లోనూ సుమారు 15 నిమిషాలకోసారి దిక్సూచితో సరిచూసుకోండి.

పిటో గొట్టం ముందు రంధ్రం, నీరు పోయే రంధ్రం రెండూ మంచుతో మూసుకుపోతే ఎయిర్‌స్పీడ్ డయల్ ఆల్టీమీటర్‌లా ప్రవర్తిస్తుంది, పైకెక్కేకొద్దీ వేగం పెరిగినట్టు చూపిస్తుంది. దాన్ని నమ్మి ముక్కు ఎత్తుతూ పోతే విమానం స్టాల్ అవుతుంది, అంటే రెక్కలకు ఎత్తే బలం పోతుంది. మీరు రాసుకున్న పట్టిక విలువ ఇక్కడే తెలుస్తుంది. తెలిసిన భంగిమ, తెలిసిన శక్తి పెట్టండి, వేగం దానంతట అదే సరిపోతుంది.

దారి పట్టడం, హోల్డింగ్

ఇక్కడికి వచ్చేసరికి విమానం నిలపడం ఆలోచించకుండానే జరుగుతుండాలి. జరగకపోతే వెనక్కి వెళ్లి రెండు గంటలు భంగిమల సాధన చేయడం మేలు.

దారి చూపే ఏ రేడియో కేంద్రాన్ని ఎంచుకున్నా అది పంపే మోర్స్ గుర్తింపును విన్నాకే దాని ముల్లును నమ్మండి. దారి మీద నిలవడానికి ముల్లును కాదు, ఒక హెడింగ్‌ను పట్టుకోండి. ముల్లు పక్కకు జరిగితే 20 డిగ్రీలు దిద్ది, మధ్యకు రాగానే అందులో సగం తగ్గించి, ఏమవుతుందో చూడండి. రెండు మూడు దిద్దుబాట్లలో ఆనాటి గాలికి సరిపడే హెడింగ్ దొరుకుతుంది.

హోల్డింగ్ అంటే అనుమతి వచ్చేదాకా ఒకచోట చుట్లు తిరుగుతూ వేచి ఉండటం. అందులోకి నేరుగా, సమాంతరంగా, కన్నీటి చుక్క ఆకారంలో అని మూడు రకాలుగా ప్రవేశించవచ్చు. వీటి గురించి విద్యార్థులు పడే ఆందోళన అనవసరం. రక్షిత ప్రాంతంలో ఉంటే చాలు. ప్రామాణిక హోల్డింగ్‌లో మలుపులు కుడివైపు, 14,000 అడుగుల వరకు లోపలికి వచ్చే కాలు (తిన్నని భాగం) ఒక నిమిషం. లోపలికి వచ్చేటప్పుడు గాలికి ఎంత దిద్దారో, బయటికి వెళ్లేటప్పుడు దానికి సుమారు మూడు రెట్లు ఎదురు దిద్దండి.

అప్రోచ్

చార్ట్‌ను అప్రోచ్ మొదలయ్యే చాలా ముందే చదివి గట్టిగా చెప్పుకోండి: పౌనఃపున్యం, చివరి దారి హెడింగ్, ఏ ఎత్తు ఎక్కడ, దిగాలా వదిలేయాలా అని నిర్ణయించాల్సిన ఎత్తు, రన్‌వే కనపడకపోతే ఎటు వెళ్లాలి. చివరిదాన్ని ముందుగా చదవమని నా సలహా.

ఐఎల్‌ఎస్ (రన్‌వేకు దారి చూపే రేడియో సంకేతాల ఏర్పాటు) అప్రోచ్‌లో లోకలైజర్ ముల్లు రన్‌వే మధ్యరేఖను, గ్లైడ్ స్లోప్ ముల్లు సుమారు 3 డిగ్రీల దిగుదలను చూపుతాయి. నేలమీది వేగాన్ని ఐదుతో హెచ్చిస్తే కావాల్సిన దిగుదల వస్తుంది. 90 నాట్లకు నిమిషానికి 450 అడుగులు. రన్‌వే దగ్గరయ్యేకొద్దీ ముళ్లు సున్నితమవుతాయి కాబట్టి దిద్దుబాట్లు కూడా చిన్నవి కావాలి. చివరి రెండు మైళ్లలో 5 డిగ్రీలకు మించి హెడింగ్ మార్చాల్సి వస్తోందంటే ముందే ఎక్కడో తేడా పడింది.

సాధారణ మొదటి కేటగిరీ ఐఎల్‌ఎస్‌లో నిర్ణయపు ఎత్తు రన్‌వే మీద 200 అడుగులకన్నా తక్కువ ఉండదు. ఆ దిగుదలతో 200 అడుగులు కరిగిపోవడానికి 27 సెకన్లు చాలు. అక్కడ నిలబడి ఆలోచించే వ్యవధి లేదు. రన్‌వే గానీ దాని దీపాలు గానీ కనపడకపోతే పూర్తి శక్తి, ఎక్కే భంగిమ, తర్వాతే రేడియో. శక్తి పెరిగినప్పుడు ఒళ్లు వెనక్కి నెట్టినట్టై ముక్కు మరీ పైకి లేచిందనిపిస్తుంది. ఆ భ్రమకు లోబడి ముక్కు దించినవారు నేలను ఢీకొన్నారు. యాటిట్యూడ్ ఇండికేటర్‌లో ఎక్కే భంగిమ ఉందా లేదా అన్నదే చూడండి.

సిమ్యులేటర్, నిజమైన మేఘం, తర్వాతి నెలలు

అప్రోచ్‌ల వరుస, హోల్డింగ్ ప్రవేశాలు, పంపు ఆగిపోవడం లాంటివాటికి సిమ్యులేటర్ చాలా మంచిది, ఎందుకంటే మధ్యలో ఆపి మాట్లాడుకోవచ్చు. చెవి చేసే మోసాన్ని మాత్రం అది చూపలేదు. అందుకని పరీక్షకు ముందే ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి నిజమైన మేఘంలో కొన్ని గంటలు ఎగరండి. హుడ్ కింద అంచుల నుంచి వెలుతురు, నీడలు కదులుతూ ఏదో ఒక ఆధారం ఇస్తుంటాయి. మేఘంలో చుట్టూ ఒకే తెలుపు. ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా గానీ దిగువగా గానీ ఉన్న మేఘంలోకి, మంచు కరిగించే ఏర్పాటు లేని విమానంతో వెళ్లవద్దు. ఇందులో మినహాయింపులు వెతకకండి.

రేటింగ్ వచ్చాక ఈ నైపుణ్యం త్వరగా తుప్పుపడుతుంది. అమెరికా నిబంధనల్లో గత ఆరు నెలల్లో ఆరు అప్రోచ్‌లు, హోల్డింగ్, దారి పట్టి నిలవడం చేసి ఉండాలి. అది చట్టం అడిగే కనీసం. ఆరింటినీ ఒకే మధ్యాహ్నం పూర్తి చేయడం కన్నా నెలకు ఒకటి రెండు చేయడం మంచిది. అందులో ఒకటి ప్రతిసారీ యాటిట్యూడ్, హెడింగ్ డయళ్ల మీద మూత పెట్టి చేయండి. మొదటి ఏడాది నిర్ణయపు ఎత్తుకు మీ సొంతంగా మరో 300 అడుగులు కలిపి కాగితం మీద రాసుకోండి. మారుస్తే నేలమీద, ముందు రోజు మార్చండి, గాలిలో ఉండగా కాదు.